కిడ్నీకి ఒక వరస

పెద్ద జబ్బంటే మా నెల్లూరు వాళ్లకు మద్రాసే. రైలు దిగి సెంట్రల్ స్టేషన్ బయటికొస్తే రోడ్డుకు అవతల జనరల్ హాస్పిటల్. కిడ్నీ మార్పిడి అయితే రాయవెల్లూరు క్రిస్టియన్ ఆస్పత్రిలో 1971లోనే చేశారు. ఇంట్లోవాళ్లు ఇస్తే సరే. ఇచ్చేవాళ్లు లేకపోతే?

1992లో మా మేనమామకు రెండు కిడ్నీలూ పోయాయి. ఇంట్లో ఎవరి రక్తం గ్రూపూ కలవలేదు. మద్రాసులో మేం దిగిన లాడ్జి కింద, టీ కొట్టు దగ్గర, ఒకతను అమ్మను తెలుగులోనే పలకరించాడు. "మనిషి రెడీగా ఉన్నాడమ్మా, గ్రూపు కలుస్తుంది. డబ్బు సంగతి చూసుకోండి చాలు."

"ఆయనకు పిల్లలున్నారా?" అంది అమ్మ.

"ముగ్గురు."

అమ్మ గ్లాసు కింద పెట్టి లాడ్జి మెట్లెక్కింది. మామయ్య ఏడాది తిరక్కుండానే పోయాడు. అమ్మ చేసింది సరేనా అని మా ఇంట్లో ఇప్పటికీ వాదన వస్తుంది. నేను అమ్మ వైపే.

మద్రాసులో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని కలిసి రాసిన ఒక అధ్యయనం 2002లో వచ్చింది. నూటికి 96 మంది అప్పు తీర్చడానికే అమ్ముకున్నారు. వాళ్లలో ముప్పాతిక మందికి ఆ తర్వాతా అప్పు తీరలేదు.

అవయవాల వ్యాపారాన్ని నేరం చేసిన చట్టం 1994లోనే వచ్చింది. మన రాష్ట్రం 1995లో సొంత చట్టం చేసుకుంది. మెదడు చనిపోతే మనిషి పోయినట్టేనని ఒప్పుకున్నదీ ఆ 1994 చట్టమే. ఆ ఏడాది ఆగస్టులోనే మన రాజమండ్రి డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ ఢిల్లీ ఎయిమ్స్‌లో గుండె మార్చారు. అయితే, అలా చనిపోయినవాళ్ల నుంచి దొరికిన అవయవం ముందు ఎవరికి? దీనికి 2008లో తమిళనాడు ఒక పద్ధతి పెట్టింది: ఒక కిడ్నీ దాత ఉన్న ఆస్పత్రికి, రెండోది అందరి జాబితాకు. మన అవయవదాన పథకం జీవన్‌దాన్ 2013లో హైదరాబాద్ నిమ్స్ నుంచి మొదలైంది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రకు వేరే జీవన్‌దాన్ వచ్చింది. కిడ్నీ ఒక రోజు దాకా ఆగుతుంది కాబట్టి ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నారో లెక్కలోకి తీసుకోవచ్చు. గుండె నాలుగైదు గంటలకు మించి ఆగదు, అక్కడ దూరమే సగం నిర్ణయం చేస్తుంది.

మాకు దగ్గరి నగరం చెన్నై. కానీ సరిహద్దులోని తడ దాటితే జాబితాలో ముందు తమిళనాడు వాళ్లు, తర్వాతే మేం. ఇది నాకు అన్యాయంగానే తోచింది. 2023 ఫిబ్రవరిలో కేంద్రం స్థానికత నిబంధన ఎత్తేయమని రాష్ట్రాలకు చెప్పింది. కొన్నిచోట్ల పేరు రాసుకోవడానికే అయిదు నుంచి పదివేలు తీసుకుంటున్నారని, అదీ మానుకోమంది. వారానికి మూడు రోజులు డయాలసిస్‌కే పోతే కూలి ఎక్కడిది? ఆ ఇంటికి పదివేలంటే, జాబితాలో పేరే ఉండదన్నమాట.