మన సీమలో దివాణములు లేవేమి?

కోస్తా జిల్లాలకు పోయి పిఠాపురము, వేంకటగిరి మొదలైన సంస్థానముల కట్టడములను చూచి వచ్చినవారు, "మన తాడిపత్రి ప్రాంతమున నిట్టి దివాణములు లేవేమి?" అని యడుగుచుందురు. అవి లేకపోవుటలోనే మన చరిత్ర యున్నది.

విజయనగర కాలమున గండికోట నేలిన పెమ్మసాని నాయకులు మన పట్టణమున బుగ్గ రామలింగేశ్వర, చింతల వేంకటరమణ స్వాముల ఆలయములను కట్టించిరి. తరువాత పల్లెలపై పాళెగాండ్ర పెత్తనము సాగెను. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తము చేసెను. కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో 1807 వరకు ఇచట నుండి, సుమారు 80 మంది పాళెగాండ్ర బలము నణచి, చేను చేనును కొలిపించి, శిస్తును రైతు పేరనే కట్టెను. నడుమ జమీందారు లేడు. శిస్తు తేలికయైనదని కాదు. దానిని తగ్గింపవలసినదని 1807లో అతడే పైవారికి వ్రాసెను. ఐనను మనవారు బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి.

కాబట్టి మనకు దివాణమన్నను, కోట యన్నను రైతు మిద్దెయే. నాపరాతి గోడలు, దూలములు, వానిపై దంతెలు, బండలు, అన్నిటిపైన చౌడుమన్ను. చౌడు వాననీటిని క్రిందికి దిగనీయదు. అందుచేత ఏటేట వానలకు ముందు చౌడు తోలి మిద్దెపై పరచెడివారు. వెలుతురునకు గవాచి. వాకిలి దాటగనే పల్లమున గాటిపాట, అందు ఎద్దులు. దానికి మెట్టున మనుష్యుల పడసాల. పశువులతో కాపురమేమని పట్టణవాసులు నవ్వవచ్చును. కరవుసీమలో ఎద్దు పోయిన సేద్యమే పోవును; దానిని కంటి యెదుట కట్టుకొనక యెచట కట్టుదురు?

అన్నిటికంటె చెప్పదగినది పాతర. గట్టినేలలో మనిషి లోతునకు మించి గోయి త్రవ్వి, అడుగునను చుట్టును గడ్డి దట్టముగా పేర్చి, జొన్నలు నింపి, మరల గడ్డి వేసి, మూతిపై బండ పరచి, మన్ను కప్పెడివారు. గాలి చొరకుండుటచే పురుగు పట్టదు. జొన్నలు రెండు మూడేండ్లైనను నిలుచును. ఒకవిధమగు పాతరవాసన మాత్రము వచ్చును. తెరచిన వెంటనే దిగరాదు. లోని చెడుగాలి ప్రాణము తీయును. కొంతసేపు విడిచి, దీపమును దించి, అది ఆరకున్ననే మనిషి దిగవలెను. వాన తప్పిన యేట ఇంటికి ఆధారము ఆ గోయియే. ఐనను వరుసగా కరవు వచ్చిన, పాతర మాత్రమేమి చేయగలదు? 1876-78 నాటి ధాతకరవులో ఈ సీమ యెంత నలిగినదో పెద్దలు వారి పెద్దల నోట వినియున్నారు.

వేరుసెనగ వచ్చెను, అది కళ్ళమునుండియే అంగడికి పోవు పంట. 1983లో కిలో 2 రూపాయల బియ్యము వచ్చెను. జొన్నరొట్టె, జొన్నసంగటి వెనుకబడెను. పాతరలు పూడ్చిరి. మిద్దెల నూడదీసి సిమెంటు కప్పులు వేసికొనుచున్నారు. ఎద్దులు లేని యింట గాటిపాట యేల? వారిని తప్పు పట్టజాలను. ఏటేట చౌడు మోయు బాధ మోసినవారికే తెలియును.

కాని పడగొట్టుటకు ముందు ఒక పని చేయవచ్చును. దూలములెన్ని, గాటిపాట యెంత పొడవు, పాతరలో గడ్డి పేర్చినవారెవరు, ఎన్ని బస్తాలు పట్టెడిది అని ఇంటింట అడిగి వ్రాసి, ఆ పుస్తకమును మన గ్రంథాలయమున నుంచవలెను. పాతరలో దిగిన పెద్దలు ఊరిలో ఇంకను కొందరున్నారు. వేసవి సెలవులలో పిల్లలు మొదట వారి యొద్దకే పోవుట మంచిది.