సిద్ధాపురం రిజిస్టరు

సర్కారు రిజిస్టరంటే మన ఎరుకల పెద్దలు ఎందుకు జంకుతారో తెలియాలంటే కల్లూరు నుంచి ఆత్మకూరు దగ్గరి సిద్ధాపురం దాకా పోవాలి. నేరస్థ తెగలని ముద్ర వేసినవాళ్లకు అక్కడ సెటిల్మెంటు పెట్టారు, హాజరు వేశారు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో ఉంచే అధికారం కూడా 1911 చట్టం సర్కారుకు ఇచ్చింది. మద్రాసు రాష్ట్రంలో నేరస్థ తెగల చట్టం 1947లో రద్దయింది. భయం మాత్రం పోలేదు. బిడ్డ తప్పిపోయినా మనవాళ్లలో చాలామంది స్టేషను మెట్లు ఎక్కరు.

కానీ తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు వస్తే కేసు కట్టాల్సిందేనని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వివరాలను సర్కారు పోర్టల్లో హోముల్లోని పిల్లల వివరాలతో పోల్చి చూస్తారు. పేరో ఊరో తప్పుగా రాస్తే హోములో ఉన్న బిడ్డ కూడా దొరకడం కష్టం. కనుక టీచర్లుగా మనం ప్రతి బిడ్డకూ తల్లిదండ్రుల పేర్లు, ఊరు, మండలం, 1098 నంబరు నోటికి వచ్చేదాకా నేర్పాలి.