గేమ్ ఆడుతుంటే స్క్రీన్ చీలినట్టు కనిపిస్తోందా? కార్డు మార్చే ముందు ఇవి చూసుకోండి

గేమ్‌లో కెమెరాను పక్కకు తిప్పగానే తెర మీద ఒక అడ్డగీత పడుతుంది. గీతకు పైన గోడ ఒకచోట ఉంటే, కింద అదే గోడ కాస్త పక్కకు జరిగి ఉంటుంది. తక్కువ బడ్జెట్‌లో కంప్యూటర్ కొనుక్కున్నవాళ్లు దీన్ని చూసి గ్రాఫిక్స్ కార్డు పోయిందేమోనని కంగారు పడుతుంటారు. కొందరు వేలు పోసి కొత్త కార్డు కొని, మళ్లీ అదే గీత చూసి తల పట్టుకుంటారు. దీన్ని స్క్రీన్ టేరింగ్ అంటారు. ఇది కార్డు చెడిపోయిందనడానికి గుర్తు కాదు. చాలావరకు రూపాయి ఖర్చు లేకుండా సెట్టింగులతోనే పోతుంది.

ఎందుకు వస్తుంది?

60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 సార్లు, అంటే సుమారు 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి, తెరను పైనుంచి కిందికి గీస్తుంది. కార్డు మాత్రం ఆ లెక్క చూసుకోదు. ఫ్రేమ్ తయారైన వెంటనే ఇచ్చేస్తుంది. మానిటర్ సగం గీసేసరికి కొత్త ఫ్రేమ్ వస్తే పైభాగంలో పాత బొమ్మ, కిందిభాగంలో కొత్త బొమ్మ పడతాయి. ఆ రెండూ కలిసే చోటే చీలిక.

ఫ్రేములు 60 దాటితేనే ఇలా అవుతుందనుకోవడం పొరపాటు. 45 ఫ్రేములు వస్తున్నా టైమింగ్ కుదరకపోతే చీలిక వస్తుంది. అందుకే ఇంకా వేగంగా పనిచేసే కార్డు వేసినంత మాత్రాన ఇది పోదు.

ముందు ఈ చిన్న పరీక్ష

గీత కనిపించేటప్పుడు కీబోర్డుతో స్క్రీన్‌షాట్ తీయండి. టేరింగ్ స్క్రీన్‌షాట్‌లో పడదు, ఎందుకంటే కార్డు దగ్గర ఫ్రేమ్ పూర్తిగానే ఉంటుంది. రంగు చుక్కలు, గళ్లు, వంకరటింకర ఆకారాలు స్క్రీన్‌షాట్‌లో కూడా కనిపిస్తే అది వేరే సమస్య. అప్పుడు డ్రైవర్, కార్డు వేడి, గేమ్ ఫైళ్లు చూసుకోవాలి. బొమ్మ చీలకుండా ఆగి ఆగి కదులుతుంటే అది టేరింగ్ కాదు, ఫ్రేములు చాలడం లేదని అర్థం. గ్రాఫిక్స్ క్వాలిటీ తగ్గించుకోవాలి.

ఖర్చు లేని మార్గాలు

మొదట రిఫ్రెష్ రేట్ చూడండి. 75 లేదా 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నా విండోస్‌లో 60 దగ్గరే ఉండిపోవచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి మార్చుకోవచ్చు. అలాగే మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా అని కూడా చూసుకోండి.

రెండోది వీ-సింక్. గేమ్‌లోని వీడియో సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. దీన్ని ఆన్ చేస్తే మానిటర్ ఒక బొమ్మ గీయడం పూర్తయ్యేదాకా కార్డు తర్వాతి ఫ్రేమ్ ఇవ్వకుండా ఆగుతుంది. చీలిక పోతుంది. అయితే రెండు ఇబ్బందులున్నాయి. మౌస్ కదిలించాక తెర మీద కదలిక కొంచెం ఆలస్యంగా కనిపిస్తుంది. కార్డు 60 ఫ్రేములు ఇవ్వలేకపోతే కొన్ని గేముల్లో ఒక్కసారిగా 30కి పడిపోతుంది. అలా పడుతుంటే నీడలు, రిజల్యూషన్ తగ్గించి 60 నిలిచేలా చూసుకోవాలి. ఎన్విడియా కార్డు ఉన్నవాళ్లు కంట్రోల్ ప్యానెల్‌లో అడాప్టివ్ వీ-సింక్ పెట్టుకోవచ్చు. ఫ్రేములు తగ్గినప్పుడు అది దానంతటదే ఆఫ్ అవుతుంది. ఆ కాసేపు చీలిక కనిపించినా వేగం మాత్రం సగానికి పడిపోదు.

మూడోది బోర్డర్‌లెస్ విండో మోడ్. ఇందులో గేమ్ బొమ్మ నేరుగా కాకుండా సాధారణంగా విండోస్ డెస్క్‌టాప్ ద్వారా తెరకు చేరుతుంది కాబట్టి చీలిక తగ్గుతుంది. ఇక్కడా కాస్త ఆలస్యం ఉండొచ్చు.

నాలుగోది ఫ్రేమ్ లిమిట్. గేమ్‌లో ఈ ఆప్షన్ లేకపోతే రివాట్యూనర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పెట్టుకోవచ్చు. లిమిట్ ఒక్కటే చీలికను పూర్తిగా ఆపదు. కానీ కార్డు మీద భారం, వేడి, ఫ్యాన్ చప్పుడు తగ్గుతాయి. మన ఎండాకాలంలో అదీ చిన్న విషయం కాదు.

ఏ గేమ్‌కు ఏది?

జీటీఏ 5 లాంటి కథ ఉన్న గేములకు వీ-సింక్ ఆన్ చేసుకుంటే సరిపోతుంది. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ గేముల్లో చిన్న ఆలస్యం కూడా ఇబ్బందే కాబట్టి చాలామంది వీ-సింక్ ఆఫ్‌లోనే ఉంచుతారు. ఫ్రేములు బాగా ఎక్కువగా వస్తే చీలికలు ఉన్నా ఒక్కో చీలికలో తేడా చిన్నగా ఉండి కంటికి అంతగా ఆనదు.

డబ్బు పెట్టాల్సి వస్తే

ఇవన్నీ చేసినా తృప్తి లేకపోతే ముందు చూడాల్సింది మానిటర్, కార్డు కాదు. ఫ్రీసింక్ ఉన్న మానిటర్ కార్డు ఫ్రేమ్ ఇచ్చేదాకా ఆగి, దానికి తగ్గట్టు తన వేగాన్ని మార్చుకుంటుంది. చీలికా ఉండదు, వీ-సింక్ తెచ్చే ఆలస్యమూ ఉండదు. 2019 జనవరి నుంచి ఎన్విడియా జీటీఎక్స్ 10 సిరీస్, ఆ తర్వాతి కార్డులతో కూడా చాలా ఫ్రీసింక్ మానిటర్లు పనిచేస్తున్నాయి. జీటీఎక్స్ 10 సిరీస్‌కు డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ కావాలి.

సెకండ్ హ్యాండ్ మానిటర్ తీసుకునేవాళ్లు రెండు సంగతులు అడగాలి. డిస్‌ప్లేపోర్ట్ ఉందా? ఫ్రీసింక్ ఎన్ని హెర్ట్జ్ నుంచి ఎన్నింటి వరకు పనిచేస్తుంది? 48 నుంచి 75 వరకు అని ఉంటే, ఫ్రేములు 48 కంటే తగ్గినప్పుడు దాని ప్రయోజనం ఉండదు. పైన 75 దాటకుండా 72 దగ్గర లిమిట్ పెట్టుకోవాలి. ఇంటికి తెచ్చాక మానిటర్ బటన్ల మెనూలో ఫ్రీసింక్ ఆన్ చేయడం మరవొద్దు. చాలా మానిటర్లలో అది ఆఫ్‌లోనే వస్తుంది.