రబ్బరుతో పనిలేని పద్దు



నెలాఖరున పద్దుల పుస్తకం ముందేసుకుని కూర్చుంటాం. పాలకింత, పచారీ కొట్టుకింత, ఇంటద్దె ఇంత అని కూడుకుని హమ్మయ్య అనుకునే వేళకి పిల్లవాడొచ్చి, "అమ్మా, బస్సు ఫీజు పెంచారు" అంటాడు. మారింది ఒక్క అంకే. కానీ కింది మొత్తం మారాలి, మిగులు మారాలి, వచ్చే నెలకు అనుకున్నదీ మారాలి. రబ్బరుతో చెరపడం, మళ్ళీ మొదటినుంచీ కూడడం. ఈ బాధ మన ఇళ్ళల్లోనే అనుకునేరు! అమెరికాలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదివేవాళ్ళకూ ఇదే బాధ ఉండేది.

1978లో అక్కడ డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి ఉండేవాడు. పాఠం చెప్పే ప్రొఫెసరుగారు నల్లబల్ల నిండా గళ్ళు గీసి, వ్యాపార లెక్కలు వేసేవారు. ఒక గడిలో తప్పు దొర్లిందా, దానితో ముడిపడిన గళ్ళన్నీ చెరిపి తిరిగి రాయాల్సిందే. బ్రిక్లిన్ అంతకు ముందు ఉద్యోగంలో, ఉత్తరాలూ రిపోర్టులూ తెరమీదే దిద్దుకునే కంప్యూటర్ల పని చేసినవాడు. అక్షరాలను అలా దిద్దగా లేనిది అంకెలనెందుకు దిద్దకూడదు అని అతనికి తోచింది. ఒకటి దిద్దితే మిగతావి వాటంతటవే సర్దుకోవాలి. అదీ ఆలోచన.

మన కొట్లల్లో చిట్టా, ఆవర్జా ఉన్నట్టే, అక్కడి లెక్కలవాళ్ళకు రెండు పేజీల మేర పరుచుకునే గళ్ళ కాగితం ఉండేది. దాన్నే స్ప్రెడ్ షీట్ అనేవారు. బ్రిక్లిన్ ఆ కాగితాన్ని యాపిల్ టూ అనే చిన్న కంప్యూటరు తెరమీదికి ఎక్కించాడు. 1977లో బజారుకొచ్చిన ఆ యంత్రాన్ని ఇంట్లో బల్లమీద పెట్టుకుని, టీవీకి తగిలించుకోవచ్చు. మొదటి నమూనా బ్రిక్లిన్ తానే రాసుకున్నాడు. అసలు ప్రోగ్రాము రాసింది అతని స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్. 1978-79 చలికాలమంతా ఆర్లింగ్టన్ అనే ఊళ్ళో, ఇంటి అటక మీద కూర్చుని రాత్రిళ్ళు రాశాడు. రాత్రిళ్ళే ఎందుకంటారా? ప్రోగ్రాము తయారుచేయడానికి వాడుకున్న పెద్ద కంప్యూటరు వేరేచోట ఉంది, దాని అద్దె రాత్రిపూట చవక. చూశారా, లెక్కలు మార్చే ప్రోగ్రాము రాయడానికీ లెక్క చూసుకోవలసే వచ్చింది!

దానికి విజికాల్క్ అని పేరు పెట్టారు. కంటికి కనిపించే లెక్కల యంత్రం అన్నమాట. 1979 చివర్లో అమ్మకానికి వచ్చింది. ధర సుమారు 100 డాలర్లు. అది నడవాలంటే మాత్రం వేల డాలర్ల యంత్రం కావాలి. అయినా ఈ ప్రోగ్రాము కోసమే యంత్రం కొన్నవాళ్ళు వేలమంది. అంతవరకూ ఆటలకీ సరదాకీ అనుకున్న వస్తువు దుకాణాల్లోకీ, ఆఫీసుల్లోకీ వెళ్ళిపోయింది.

అది ఎలా ఉండేదో స్వయంగా చూడాలని నాకు కోరిక. ఈమధ్య మా అబ్బాయి తన కంప్యూటర్లో ఆనాటి యాపిల్ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాము పెట్టి, అందులో విజికాల్క్ తెరిచి ఇచ్చాడు. నల్లటి తెర, అన్నీ పెద్దక్షరాలే. పైన నిలువు వరుసలకు ఎ, బి, సి, డి. పక్కన అడ్డు వరుసలకు 1, 2, 3. మొత్తం 63 నిలువు వరుసలు, 254 అడ్డు వరుసలు ఉన్నాయట గానీ తెరమీద ఒక్కసారి కనబడేవి నాలుగు నిలువు వరుసలే. మిగతాది చూడాలంటే జరుపుకుంటూ పోవాలి. పాత యాపిల్‌కు బాణం మీటలు రెండే, కుడికీ ఎడమకీ. పైకీ కిందికీ పోవాలంటే ముందు స్పేస్ బార్ నొక్కి దిశ మార్చుకోవాలి. పది నిమిషాలు అటు పోబోయి ఇటు పోయాను.

ఏ లెక్క వేద్దామా అనుకుంటే, మా అమ్మ దాచిన కాగితం గుర్తొచ్చింది. 1974లో మా అక్క పెళ్ళికి నాన్నగారు వేసిన ఖర్చుల పట్టీ అది. పైన మొత్తం, కింద బంగారం, బట్టలు, భోజనాలు. చెరిపి చెరిపి ఒకచోట చిల్లు పడింది. నాకు బాగా జ్ఞాపకం. "విస్తళ్ళు ఓ యాభై తగ్గిస్తే, దీన్ని ఈ ఏడే కాలేజీలో చేర్చొచ్చేమో చూడండి" అంది అమ్మ. నాన్నగారు పెన్సిలు కింద పెట్టి, "మళ్ళీ మొదటినుంచీ కూడడం నావల్ల కాదే" అన్నారు. విసుగుతో కాదు, పాపం అలసటతో. మాట అక్కడితో ఆగిపోయింది. నేను కాలేజీలో చేరింది ఆ మరుసటి ఏడు.

ఆ పట్టీనే తెరమీద పెట్టాను. విస్తళ్ళ సంఖ్య ఒక గడిలో, విస్తరి ఒక్కింటి ఖర్చు ఇంకో గడిలో. భోజనాల గడిలో ఆ రెంటినీ హెచ్చవేయమని సూత్రం రాస్తే అది కదలదు, మెదలదు! గడి పేరు అక్షరంతో మొదలవుతుంది కనుక దాన్నీ మాట కిందే జమకట్టింది. ముందు కూడిక గుర్తు పెట్టాలట. పెట్టాక అంకె వచ్చింది. అప్పుడు విస్తళ్ళు 300 ఉన్నచోట 250 కొట్టాను. భోజనాల ఖర్చు తగ్గింది. పైనున్న మొత్తం తగ్గలేదు!

నేనే తప్పు చేశాననుకున్నాను. కాదు. ఆ ప్రోగ్రాము పైనుంచి కిందికి వరసగా లెక్క చేసుకుంటూ వస్తుంది. నాన్నగారి అలవాటు ప్రకారం మొత్తం పైన పెట్టాను గనక, కింద భోజనాలు మారకముందే అది పాత అంకెతో కూడేసుకుంది. ఆశ్చర్యార్థకం మీట నొక్కితే మళ్ళీ లెక్క వేసి సరిచేసింది. ఈ సంగతి తెలియకపోతే ఆ తప్పు మొత్తాన్నే నమ్మేవాళ్ళం సుమండీ! పెన్సిలు లెక్కలో కొట్టివేతలు చూసి అనుమానపడతాం. తెరమీది అంకె తప్పయినా ముత్యంలా ఉంటుంది.

విజికాల్క్ కథ ఎక్కువకాలం సాగలేదు. కనిపెట్టినవాళ్ళు పేటెంటు తీసుకోలేదు. ఆ రోజుల్లో ప్రోగ్రాములకు అది దొరకడం కష్టం. తయారుచేసినవాళ్ళకీ, అమ్మిపెట్టే కంపెనీకీ వ్యాజ్యం నడిచింది. ఈలోగా 1983లో లోటస్ వన్ టూ త్రీ వచ్చి వ్యాపారం లాగేసుకుంది. 1985లో ఆ లోటస్ కంపెనీయే బ్రిక్లిన్, ఫ్రాంక్‌స్టన్‌ల సంస్థను కొని విజికాల్క్ అమ్మకం ఆపేసింది. మన పిల్లలు ఆఫీసుల్లో వాడే ఎక్సెల్ అదే ఏడు వచ్చింది. ఎ, బి, సిలూ, 1, 2, 3లూ మటుకు అందులోనూ అవే.

ఇంతకీ ఆ పట్టీ లెక్క. 50 విస్తళ్ళు తగ్గిస్తే 200 రూపాయలు మిగిలేవి. కాలేజీ ఫీజుకూ, పుస్తకాలకూ 185 అని అమ్మ అదే కాగితం వెనక పెన్సిలుతో రాసుకుని ఉంది. ఆ అంకె మొన్నటిదాకా నేను చూడలేదు.