పావలా కాసు, అర్ధణా జాబు

కృష్ణానది కుడిగట్టున, మాచర్లకు సమీపమున విజయపురి సౌత్ ఉన్నది. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగిన పిమ్మట, ఆ నిర్మాణము కారణముగా వెలసిన ఊరిది. ఇక్ష్వాకుల రాజధాని పేరు దీనికి పెట్టిరి. ఇచ్చటినుండి ఎదుటి గట్టుననున్న నల్లగొండ జిల్లాకొక జాబును, దూరముననున్న ఢిల్లీకొక జాబును వ్రాసితిమనుకొందము. రెండును ఒకే తరగతి జాబులై, బరువును సమానమైనచో వాటికి అంటించు తపాలా బిళ్లల వెలయు సమానమే. దూరమును విడిచి బరువును మాత్రమే లెక్కించుట న్యాయమా?

పూర్వము అట్లు లేదు. 1774లో వారన్ హేస్టింగ్సు కంపెనీ టపాను ప్రజలకు కూడ తెరచినప్పుడు, జాబుకు నూరుమైళ్లకు రెండణాల చొప్పున రుసుము విధించెను. 1837 చట్టము వచ్చిన తరువాత కూడ దూరమును, బరువును రెండింటిని లెక్కకు తీసికొనుచుండిరి. తులము బరువుగల జాబు కలకత్తానుండి ఆగ్రాకు పోవుటకు పన్నెండణాలు, బొంబాయికి పోవుటకు ఒక రూపాయి అయ్యెడిది. పేదవానికి దూరదేశముననున్న బంధువు క్షేమమును తెలిసికొనుట కూడ భారమే.

ఈ లెక్కలోని పొరపాటును ఇంగ్లండులో రౌలండ్ హిల్ 1837లో బయటపెట్టెను. లండనునుండి ఎడింబరోకు ఒక జాబును మోయుటకగు ఖర్చు పెన్నీలో ముప్పదియారవ వంతు మాత్రమేయని ఆయన గణించెను. సంచిలో వందలకొలది జాబులున్నప్పుడు దారిఖర్చు వాటన్నిటిపై పంపిణీయగును. అసలు వ్యయము జాబులను తీసికొనుట, వేరుచేయుట, ఇంటికి చేర్చుట అను పనులది. ఈ పనులు దగ్గరి జాబుకును, దూరపు జాబుకును సమానమే. కావున 1840 జనవరి 10 నుండి ఆ దేశమున అర ఔన్సు జాబుకు ఎంత దూరమైనను ఒక పెన్నీ రుసుమే ఏర్పడెను.

ఆ పద్ధతి మన దేశమున 1854 అక్టోబరు 1న అమలులోనికి వచ్చెను. అప్పుడు కంపెనీ పాలనలోనున్న పలనాడునకు కూడ అదియే చట్టము. పావుతులము మించని జాబుకు అర్ధణా. అరతులము వరకు అణా. తులము వరకు రెండణాలు, అనగా బేడ. తులమున్నర వరకు మూడణాలు. రెండు తులముల వరకు నాలుగణాలు.

ఇందొక చక్కని సౌకర్యము కలదు. 1835 చట్టము ప్రకారము వెండి రూపాయి బరువు 180 గ్రెయినులు. తులము బరువును అంతే. కాబట్టి కొత్త రూపాయి తులపు రాయి, అర్ధరూపాయి అరతులపు రాయి, పావలా పావుతులపు రాయి. చిన్న త్రాసు గలవాడు ఒక తట్టలో పావలాను, రెండవ తట్టలో జాబును ఉంచినచో చాలును; జాబువైపు తట్ట దిగనిచో అర్ధణా బిళ్ల సరిపోవును. కాసు కొంచెము అరిగినదైనను ఇంటిలో తూచుకొనువానికి మోసములేదు. తేలిక కాసును మించని జాబు అసలు పావుతులమును కూడ మించదుగదా!

అయితే ఈ రుసుము ఏటవాలువలె క్రమముగా పెరుగదు, మెట్లవలె పెరుగును. పావుతులమునకు వెంట్రుకవాసి మించినను తరువాతి మెట్టు రుసుమంతయు ఈయవలయును. చాలని బిళ్ల అంటించినచో తక్కువైన సొమ్మునకు రెట్టింపు జాబు అందుకొనువానివద్ద వసూలు చేసెడివారు. ఉదాహరణకు, పావుతులము దాటి అరతులములోపలనున్న జాబుకు అర్ధణా బిళ్ల అంటించినచో తక్కువైనది అర్ధణా. అందుకొనువాడు చెల్లించునది అణా. సరిగా తూచియున్న అణాతో పోవుపనికి అణాన్నర అయ్యెను.

పావుతులము నేటి లెక్కలో సుమారు 2.9 గ్రాములు. చదరపు మీటరునకు 70 గ్రాములు తూగు ఏ-4 కాగితము ఒక్కటే 4.4 గ్రాములుండును! ఇంత ఇరుకైన హద్దును 1869లో సడలించి, అర్ధణాకు అరతులము అనుమతించిరి. 1879లో పావుఅణా కార్డు వచ్చుటతో త్రాసుతో పనియే లేకపోయెను. ప్రభుత్వపు కార్డుల బరువెల్ల ఒకటే.

దూరము అడ్డుకాకున్నను ఎల్లలు అడ్డైనవి. కృష్ణకు ఎదుటి గట్టు నిజాము రాజ్యము. అచ్చట 1869 నుండి వేరు తపాలా బిళ్లలుండెను. అవి ఆ రాజ్యములోపలనే చెల్లెడివి. మాచర్లనుండి అర్ధణాతో జాబు హిమాలయములవరకు పోగలిగిన కాలమున, నిజాము బిళ్ల మాత్రము ఏటిని దాటి చెల్లలేదు. 1950 ఏప్రిల్ 1న ఆ శాఖ భారత తపాలాలో కలియుటతో ఈ భేదము తొలగెను. 1957 ఏప్రిల్ 1 నుండి అణా స్థానమున నయాపైస వచ్చెను. 1956 తూనికల చట్టము ననుసరించి తులము స్థానమును గ్రాము ఆక్రమించెను.

ప్రమాణములు మారినను సూత్రము మారలేదు: దూరపువాడని దండుగ లేదు, మోయించిన బరువునకే రుసుము. ఉపాధ్యాయులు 1854 నాటి రుసుములను తరగతిలో గీతపటముగా వేయించిన బాగుండును. అడ్డముగా బరువును, నిలువుగా అణాలను గుర్తించినచో వచ్చునది సరళరేఖ కాదు, మెట్లవరుస. ప్రతి మెట్టు అంచున పావలా కాసో, అర్ధరూపాయో, రూపాయో నిలిచియుండుటను విద్యార్థులు తామే కనుగొందురు.