విదేశీ జీవిత భాగస్వామి స్థిర నివాసం: గుంటూరు, ప్రకాశం జిల్లాలు

విదేశంలో ఉద్యోగం ముగించుకుని భార్యతోనో భర్తతోనో సొంతూరు చేరే తెలుగువారికి, ఆ జీవిత భాగస్వామి పరాయి దేశస్థులైతే, భారత చట్టం ‘సెటిల్‌మెంట్ వీసా’ అనేదేమీ ఇవ్వదు. ఆ లోటును 1955 పౌరసత్వ చట్టంలోని 7ఎ సెక్షన్ కింద దక్కే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు తీరుస్తుంది. వెనకటి పీఐఓ (భారత సంతతి వ్యక్తి) కార్డు 2015 జనవరిలో ఇందులోనే కలిసిపోయింది.

భారత పౌరుల భార్యాభర్తలే కాదు, ఓసీఐ కార్డు ఉన్నవారి భార్యాభర్తలూ దీనికి అర్హులు. వయోపరిమితి గానీ, ఆదాయపు షరతు గానీ, భాషా పరీక్ష గానీ లేవు. అరవై దాటాక వచ్చేవారికి ఇది పెద్ద ఊరట. కార్డు జీవితకాలం చెల్లుతుంది, ఎంతకాలం ఉన్నా విదేశీయుల నమోదు కార్యాలయం చుట్టూ తిరగనక్కర్లేదు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలున్నవారికి మాత్రం ఇవ్వరు.

అసలు చిక్కు పెళ్లి కాగితం దగ్గర వస్తుంది. పెళ్లి రిజిస్టరై, దరఖాస్తుకు ముందు రెండేళ్లపాటు ఎడతెగక కొనసాగి ఉండాలి. ముప్పై ఏళ్లు కాపురం చేసినా శుభలేఖ, పందిట్లో తీసిన ఫొటోలు సరిపోవు. వధూవరుల్లో ఒకరు హిందువు కాకపోతే హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయరు. అలాంటప్పుడు 1954 ప్రత్యేక వివాహ చట్టం 15వ సెక్షన్ కింద, ముప్పై రోజుల నోటీసుతో, పాత పెళ్లిని నమోదు చేయించుకోవచ్చు. విదేశంలో రిజిస్టరైన పెళ్లికైతే ఆ దేశపు అపోస్టిల్ లేదా భారత రాయబార కార్యాలయం ధ్రువీకరణ కావాలి. ఈ పని అక్కడుండగానే ముగించుకు రావడం మేలు. ఊరు చేరాక ఆ ధ్రువీకరణకు నెలలు పట్టవచ్చు.

రెండేళ్లు నిండేదాకా ఎంట్రీ వీసాపై ఉండవచ్చు. అది 180 రోజులు మించినదైతే వచ్చిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయపు ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ పోర్టల్‌లో ఆన్‌లైన్ నమోదు తప్పనిసరి. కార్డు వచ్చాక పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ మూడు నెలల్లోగా కొత్త పాస్‌పోర్టు, ఫొటోతోపాటు పెళ్లి కొనసాగుతోందన్న వాంగ్మూలం అప్‌లోడ్ చేయాలి. విడాకులైతే కార్డు రద్దు చేయవచ్చు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి ప్రాంతంలో పేచీ పొలం దగ్గర మొదలవుతుంది. ఓసీఐ హోదాతో గుంటూరులో ఫ్లాట్, ఒంగోలులో ఇల్లు కొనవచ్చు. కానీ పత్తి, మిర్చి వేసే చేను కొనే హక్కు లేదు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటల కొనుగోలును 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ ఓసీఐ హక్కుల నుంచి మినహాయించింది. బహుమతిగా రాసిచ్చినా చెల్లదు, వారసత్వంగా మాత్రమే సంక్రమిస్తుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారికీ ఇదే నియమం. భార్య పేరున రెండెకరాలు రాద్దామనుకునేవారు ముందు ఈ సంగతి గ్రహించాలి. ఓసీఐ కార్డుతో ఓటు హక్కు, ప్రభుత్వోద్యోగం కూడా ఉండవు. 1842లో హేయర్ గుంటూరుకు, తర్వాత క్లౌ ఒంగోలుకు మిషనరీలుగా వచ్చిన ఈ నేలలో, నేడు ఓసీఐ కార్డుదారు మతప్రచారానికి ప్రత్యేక అనుమతి పొందాలి.

పూర్తి పౌరసత్వానికి రెండు దారులు. భారత పౌరుల భార్యాభర్తలైతే ఏడేళ్ల నివాసం కావాలి. అందులో చివరి పన్నెండు నెలలు ఎడతెగక ఇక్కడే ఉండాలి. ఓసీఐగా నమోదై ఐదేళ్లు నిండి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు దేశంలో ఉన్నవారికి రెండో దారి ఉంది. పౌరసత్వం దక్కితే పొలం కొనేందుకు ఈ అడ్డు ఉండదు. అయితే అప్పటిదాకా ఉన్న విదేశీ పౌరసత్వం వదులుకోవాలి, భారత చట్టం రెండింటినీ అంగీకరించదు.