పుదుచ్చేరిలో స్వదేశ గురువుల శిక్షణ

పుదుచ్చేరి పేరు వినగానే ఆంధ్రులకు డూప్లే పరిపాలనము, ఆనందరంగపిళ్ళె దినచర్య, అరవిందుల ఆశ్రమము స్ఫురించును. కాని ఈ పట్టణమునకు మఱియొక చరిత్ర కలదు. పరదేశమునుండి వచ్చిన క్రైస్తవ మతమును ఈ దేశమున నడుపవలసినవారు పరదేశీయులా, స్వదేశీయులా అను ప్రశ్న ఇచ్చటనే తీవ్రముగా చర్చింపబడినది.

పదునెనిమిదవ శతాబ్ది ప్రారంభమునుండి యేసుసభ గురువులు పుదుచ్చేరినుండి బయలుదేరి తెలుగు సీమలో పుంగనూరు, కృష్ణాపురము మున్నగు చోట్ల మతప్రచారము సాగించిరి. గురువులు కొద్దిమంది, గ్రామములు అనేకము. గురువు ఏడాదికొకమారు వచ్చినను రాకున్నను, ప్రార్థనలు నేర్పుచు సంఘమును కాపాడినవారు ఈ దేశపు ఉపదేశులే. అయినను పూజ చేయుటకుగాని, పాపసంకీర్తనము వినుటకుగాని వారికి అధికారము లేదు. 1773లో యేసుసభ రద్దయినప్పుడు ఈ లోటు స్పష్టముగా బయటపడెను. గురువులు కొఱవడిన గ్రామములలో మిగిలిన ఆధారము ఉపదేశులొక్కరే.

1776లో ఈ క్షేత్రము పారిసు విదేశ మిషనుల సంఘమువారి వశమయ్యెను. స్వదేశ గురువులను తయారుచేయుట ఆ సంఘపు ముఖ్యాశయము. ప్రచారకులు తమ దేశాచారములను ఇతరులపై రుద్దరాదనియు, ఆయా దేశముల వారినే గురువులుగా తీర్చిదిద్దవలెననియు రోమునగరము 1659లోనే ఆదేశించి యుండెను.

ఆ ఆశయము అంతకుముందే పుదుచ్చేరి చేరినది. బర్మా సైన్యములు సయాముపై దండెత్తగా, రాజధానియగు అయుథియాలోని గురువిద్యాలయము చెదరిపోయి, కొంతకాలము హోన్‌దాత్‌లో తలదాచుకొని, 1770లో పుదుచ్చేరి చెంతనున్న వీరాంపట్నమునకు తరలివచ్చెను. నేడు అమ్మవారి రథోత్సవమునకు ప్రసిద్ధిగాంచిన ఆ బెస్తపల్లెలో తూర్పు దేశముల యువకులు లాటిను భాష, వేదాంతము అభ్యసించిరి. వారి అధ్యక్షుడు పిన్యో ద బెహేన్ ఆ సమయముననే అన్నామీ–లాటిను నిఘంటువును కూర్చెను. 1782లో ఆ విద్యాలయము మూతపడి, 1808లో పినాంగులో మరల వెలసెను.

ఈ దేశపు యువకుల విషయమున అసలు మలుపు క్లెమెంటు బొన్నాన్ మేత్రాణుల కాలమున వచ్చినది. ఆయన 1824లో వచ్చి, తెలుగు నేర్చి, ఆంధ్రదేశపు విచారణలలో పనిచేసి, 1836లో పుదుచ్చేరి మేత్రాణులయ్యెను. 1844 ప్రారంభమున ఆయన గురువులనందఱిని సభ తీర్చెను. బాలురకు విద్యాలయములు వృద్ధిచేయుట, స్వదేశ గురువులకు మంచి శిక్షణ నిచ్చుట ఆ సభ ప్రధాన నిర్ణయములు. లుకె అను యువగురువు వాటిని రోముకు తీసికొనిపోయెను. 1845 నవంబరు 23న రోము వెలువరించిన ఆదేశములో స్వదేశ గురువులను కేవలము సహాయకులుగా ఉంచరాదనియు, మేత్రాణి పదవికి సైతము అర్హులగునట్లు తీర్చవలెననియు స్పష్టము చేయబడినది.

ఆదేశము వచ్చినంతనే మనస్సులు మారవు. ఆనాడు పుదుచ్చేరి విద్యాలయ భారము వహించినవాడు మెల్కియోర్ ద బ్రెసిలాక్. శిష్యుని తక్కువగా చూచిన గురువు వానిని నాయకునిగా తీర్చజాలడని ఆయన దృఢవిశ్వాసము. కాని భారతీయుని తమతో సమానుడగు గురువుగా అంగీకరించుటకు యూరోపీయులలో పలువురు సందేహించిరి. దీనికి కులాచారములను గూర్చిన వివాదము తోడయ్యెను. 1846లో కోయంబత్తూరు మేత్రాణియైన బ్రెసిలాక్ ఈ చిక్కులతో విసిగి 1855లో పదవి వదలుకొనెను. అయినను ఆశయము విడువక, 1856లో లియోను నగరమున ఆఫ్రికా మిషనుల సంఘమును స్థాపించి, 1859లో ఫ్రీటౌనులో పచ్చజ్వరమునకు బలియయ్యెను.

ఆ తలంపు ఫలించుటకు దాదాపు శతాబ్దము పట్టినది. బొన్నాన్ తెలుగు పలికిన ఆంధ్రదేశమున 1940లో గుంటూరు మేత్రాసనము ఏర్పడగా తామస్ పోతకమూరివారు దాని తొలి మేత్రాణులైరి. 1955లో పుదుచ్చేరి అగ్రపీఠము అంబ్రోజ్ రాయప్పగారికి లభించినది. 2022లో హైదరాబాదు అగ్రమేత్రాణులు పూల ఆంతోనిగారు తెలుగువారిలో మొదటి కార్డినలుగా నియమితులైరి.

విద్య నేర్పుట సులభము. నేర్చినవానికి అధికారమిచ్చుట కష్టము. ఈ సత్యము మతసంఘములకే కాక, కార్యాలయములకును, పాఠశాలలకును, సంసారములకును వర్తించును. శిష్యుని తన ఆసనముపై కూర్చుండబెట్టినప్పుడే గురువు చేసిన శిక్షణ సఫలమగును.